అయిదు పటాల కృష్ణ

బెజవాడ వన్‌టౌనులో మార్కండేయులు ఇల్లెక్కడని అడిగితే ఎవరికీ తెలిసేది కాదు. జపాను మార్కండేయులు అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యెత్తి చూపించేవాళ్లు. "ఆ సందులో మూడో పెంకుటిల్లండీ. లోపల మగ్గం చప్పుడవుతా ఉంటది, అరుగుమీద సైనుబోర్డులు ఆరతా ఉంటాయి." ఆయన జన్మలో జపాను చూడలేదు. కలకత్తా దాటి అవతలికి వెళ్లిందే లేదు.

పుట్టింది పెడనలో, నేతగాళ్ల ఇంట. పదహారో ఏట తండ్రి ఆయన్ని బందరు జాతీయ కళాశాలలో చేర్పించాడు, కొత్తరకం మగ్గాలు నేర్చుకుని వస్తాడని. మగ్గాల పక్క గదిలో బొమ్మల తరగతి. అక్కడ కలకత్తా నుంచి వచ్చిన బెంగాలీ మాస్టారు నేల మీద పట్టుగుడ్డ పరిచి, పక్కన నీళ్లపళ్లెం పెట్టుకుని, వెడల్పాటి కుంచెతో పొగమంచు వేస్తున్నాడు. మార్కండేయులు గుమ్మంలో నిలబడ్డాడు. ఆ పూట మగ్గం దగ్గరికి తిరిగి వెళ్లలేదు.

మాస్టారికి ఆ పని నేర్పింది కలకత్తా వచ్చిన జపాను చిత్రకారులు. జపానులోకి యూరపు తైలవర్ణాలు వరదలా వచ్చి పడ్డప్పుడు, అక్కడ కొంతమంది ఆ ఉరవడిలో కొట్టుకుపోమని మొండికేశారట. పట్టు, కాగితం, దీపపు మసితో చేసిన సిరా, నూరిన రాళ్ల రంగులు, తోలు జిగురు: తాతల నాటి సామాను ఇవే. వీటితోనే మా కాలాన్ని మేం వేస్తామన్నారట. దానికి వాళ్లు నిహోంగా అని పేరు పెట్టుకున్నారు, జపాను చిత్రం అని అర్థం. ఇదంతా విని మార్కండేయులు పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మిల్లుగుడ్డ వచ్చిందని మనం మగ్గాలు పొయ్యిలో పెట్టుకున్నామా ఏంటి? వాళ్లూ అంతే," అనేవాడు.

తర్వాత ఏడాదిపాటు కలకత్తాలో ఉన్నాడు. అక్కడికి వచ్చిన ఒక జపాను పెద్దాయన దగ్గర కూర్చుని రంగులు నూరిపెట్టాడు. తిరిగి వచ్చి భద్రమ్మను పెళ్లి చేసుకుని బెజవాడ చేరాడు. కాఫీ హోటలుకి, సైకిలు షాపుకి, సబ్బుల కంపెనీకి బోర్డులు రాయడం మొదలుపెట్టాడు. బోర్డులతోనూ భద్రమ్మ మగ్గంతోనూ ఇల్లు గడిచేది. ఏడాదికొకసారి భద్రమ్మ ఆయన కోసం ఉడకబెట్టని పట్టుదారంతో పల్చని గుడ్డ నేసిపెట్టేది. దాని మీద ఆయన ఒక్క బొమ్మ వేసేవాడు. ఆరాక చుట్టచుట్టి పెట్టెలో పెట్టేవాడు. పద్దెనిమిదేళ్లకి పద్దెనిమిది చుట్టలు. వాటిని చూసినవాళ్లు ఇద్దరు. ఒకరు వేసినాయన, ఇంకొకరు ఆ గుడ్డ నేసినామె.

"ఒక్క గోడ కావాలే భద్రా," అనేవాడు. "నలుగురూ వచ్చిపోయే గోడ. అంతకంటే నాకేం అక్కర్లేదు."

"గోడలకేం కరువు? కాలువ పక్కన బోలెడున్నాయి, పిడకలు కొట్టుకుంటున్నారు," అనేది ఆమె మగ్గం గుంటలోంచి.

నలభై రెండు ఏప్రిల్లో జపానువాళ్ల విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. బెజవాడలో సగం జనం మూటలు కట్టుకుని పల్లెలకి పోయారు. మిగిలిన సగానికి జపాను మార్కండేయులు గుర్తొచ్చాడు. ఒకరోజు పొద్దున్నే పోలీసు జవాను వాకిట్లో నిలబడ్డాడు.

"ఇక్కడ జపానువాడెవడు?"

"పెడనవాడండీ," అంది భద్రమ్మ. "జపాను అనేది మీ ఊళ్లోవాళ్లు పెట్టిన పేరు."

"జపాను సామానేమన్నా ఉందా ఇంట్లో?"

మార్కండేయులు అబద్ధమాడలేదు. వెడల్పాటి కుంచె ఒకటి, తేనెరంగు పుల్ల ఒకటి తెచ్చి చూపించాడు. జవాను పుల్లని వాసన చూశాడు. "బెల్లమా?"

"తోలు జిగురండీ. పశువుల తోలు ఉడికించి..."

జవాను పుల్లని అరుగు మీద పారేసి, చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగాడు. బాంబుల సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ పుల్లే ఆఖరిది. కలకత్తా కొట్టునుంచి పార్శెలు రావడం ఆగిపోయింది. రంగుల గురించి మార్కండేయులుకి దిగుల్లేదు. కొండపల్లి దారిలో ఎర్రరాయి, పచ్చరాయి దొరికేవి. తెలుపుకి బందరు సముద్రపొడ్డున ఏళ్లతరబడి ఎండకి ఎండి, వానకి నానిన ఆల్చిప్పలు నూరుకునేవాడు. కానీ రాతిపొడి పట్టుకి తనంతట తాను అంటుకోదు. దాన్ని పట్టి ఉంచేది జిగురు. అదే లేకపోతే బొమ్మ మొత్తం దుమ్ము.

సరిగ్గా అప్పుడే ఆయనకి గోడ దొరికింది.

హనుమాన్ జంక్షన్ దగ్గర రైస్‌మిల్లు ఉన్న రామకోటేశ్వరరావు ఖద్దరు కట్టే మనిషి, ఒకసారి జైలుకి కూడా వెళ్లొచ్చాడు. కృష్ణలో స్నానానికి వచ్చే యాత్రికుల కోసం బెజవాడలో సత్రం కట్టిస్తున్నాడు. మిల్లుకి బోర్డు రాయమని చెప్పడానికి వచ్చి, గోడకి ఆరేసి ఉన్న పట్టుబొమ్మ చూశాడు. చాలాసేపు చూశాడు.

"బాగుందయ్యా. అయితే సగం గుడ్డ ఖాళీగా వదిలేశావే?"

"అది మంచండీ."

"మంచు వెయ్యాలిగా మరి?"

"వెయ్యకుండా వదిలితేనే మంచండీ."

రామకోటేశ్వరరావు పెద్దగా నవ్వాడు. "ఇదేదో బానే ఉందయ్యా, పని చెయ్యకుండా పనైపోద్ది." తర్వాత నవ్వు ఆపి అడిగాడు. సత్రం హాల్లో కృష్ణానది అంతా కావాలి, శ్రీశైలం దగ్గర్నుంచి హంసలదీవి దాకా. యాత్రికులు అన్నాలు తింటూ చూడాలి.

మార్కండేయులు అయిదు పటాలు అనుకున్నాడు. మొదటిదానిలో శ్రీశైలం, మల్లన్న. రెండోదానిలో ఇంద్రకీలాద్రి, తపస్సు చేసే అర్జునుడు, బోయవాడి వేషంలో శివుడు. మూడోది ఆనకట్ట, పడవలు, వలలు. నాలుగోది దివిసీమ పొలాలు, నాట్లు వేసే ఆడవాళ్లు. అయిదోది హంసలదీవి, వేణుగోపాలస్వామి, సముద్రం. ఒక పటంలోని నీటిగీత రెండోదానిలోకి, అక్కణ్నుంచి మూడోదానిలోకి తెగకుండా సాగాలి. జపాను పెద్దాయన పొడుగాటి చుట్టల మీద అలాగే వేసేవాడు. అయిదూ వరసగా ఉంటేనే నది.

ముందు ఒకటి వేసి చూపించమన్నాడు రామకోటేశ్వరరావు. జిగురు లేదు. మార్కండేయులు నేతగాడి కొడుకు. పడుగు గట్టిపడాలంటే ఏం చేస్తారో ఆయనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. తండ్రి చేసినట్టే బియ్యపు గంజి కాచి, వడగట్టి, చుక్క కొబ్బరినూనె వేసి పట్టుకి పట్టించాడు. రంగులు కూడా గంజితోనే కలిపాడు. బొమ్మ కళకళ్లాడింది. రామకోటేశ్వరరావు దాన్ని ఇంటికి తీసుకెళ్లి హాల్లో పెట్టుకున్నాడు.

శ్రావణం వచ్చింది. చీరకి పెట్టే గంజి ఉతికినప్పుడల్లా పోతుంది, మళ్లీ పెడతారు. బొమ్మని ఉతకరు. డెల్టా చెమ్మకి గంజి పులిసింది. మల్లన్న మొహం మీద మొదట నల్లచుక్కలు లేచాయి, తర్వాత బూడిదరంగు నూగు. మిగిలింది బొద్దింకలు తిన్నాయి.

"నీ దేవుడికి బూజు పట్టిందయ్యా మార్కండేయులూ," అని రామకోటేశ్వరరావు పటాన్ని తిరిగి పంపించాడు. కోపంతో కాదు, విచారంగానే. "వచ్చే ఏడు కార్తీకంలో సత్రం తెరుస్తున్నాం. ఈలోగా బూజు పట్టనిది ఇస్తే సరే. లేకపోతే మద్రాసునుంచి అచ్చుపటాలు తెప్పించుకుంటా."

వడ్రంగులు వాడే జిగురు తెచ్చి చూశాడు మార్కండేయులు. నల్లగా, మడ్డిగా ఉంది. ఆల్చిప్ప తెలుపు అందులో కలిస్తే మట్టిరంగు అయింది. "ఇది ఎవరు కాస్తారు?" అని వడ్రంగిని అడిగాడు. మైలవరం దారిలో, ఊరి బయట పల్లెలో శౌరయ్య అని ఒకడున్నాడని చెప్పాడు.

శౌరయ్య యాభై ఏళ్లవాడు. తోళ్లు ఊని పదును చేసేవాడు, చెప్పులు కుట్టేవాడు, ఆదివారం చర్చికి పోయేవాడు. మార్కండేయులు చెప్పింది అంతా విని, ఆయన తెచ్చిన బూజు బొమ్మ ముక్కని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"వడ్రంగికి ఇచ్చేది చెత్త జిగురయ్యా. కొమ్ములూ గిట్టలూ అన్నీ పడేసి తెర్లగాస్తాం. వాళ్లకి అతుక్కుంటే చాలు. మీకు తెల్లంది కావాలంటే దూడతోలు గీరిన పొర కావాలి. తెర్లనియ్యకూడదు. పొయ్యి మీద ఉన్నట్టూ లేనట్టూ ఉండాలి."

"మా మాస్టారు పటిక కూడా కలపాలన్నారయ్యా. ఎంతో రాసుకున్న కాగితం పోయింది."

శౌరయ్య ఆయన్ని వింతగా చూశాడు. "పటిక మీ మాస్టారు చెప్పాలా? తోలు కుళ్లకుండా ఉండాలంటే మేం వేసేది అదేగా. ఎక్కువైతే తోలు పెళుసెక్కుద్ది. మీ పట్టూ అంతే అయిద్ది. నేను వేస్తా ఉండండి."

మార్కండేయులు మెడలో జంధ్యం ఉంది. నేతగాళ్లలో ఆ జంధ్యం గురించి పట్టింపు ఎక్కువే. ఆయన పెరట్లో తోలు ఉడకడం మొదలైన రోజున వీధి మొత్తం ముక్కు మూసుకుంది. భద్రమ్మ వంటింటి తలుపు వేసుకుంది.

"ఏవయ్యా, ఇల్లనుకున్నావా, కటికంగడనుకున్నావా?"

"జిగురే భద్రా."

"గంజి కూడా జిగురే. నీ గంజి బొద్దింకలు తినబట్టి నాకీ వాసన." తర్వాత కిటికీలోంచి శౌరయ్యని కేకేసింది. "ఏమయ్యోయ్, నువ్వు ఆ నూతి దగ్గరికి రామాక. నీళ్లు నేను తోడి పోస్తా."

"సరేనమ్మా," అన్నాడు శౌరయ్య. రోజుకి ఇరవై బిందెలు కావాలని ఆయన ముందు చెప్పలేదు. నాలుగో రోజుకి భద్రమ్మ రెక్కలు పడిపోయాయి. అయిదో రోజున చేద అరుగు మీద పెట్టి, "నీ ఇష్టం వచ్చినన్ని తోడుకో. నా నడుం నీ బాబు సొమ్ము కాదు," అని లోపలికి పోయింది. ధర్మపన్నాలు విని మనసు మార్చుకోలేదు ఆవిడ. నడుం నొప్పి పుట్టి మార్చుకుంది. దాని గురించి తర్వాత కూడా ఎక్కడా గొప్పలు చెప్పుకోలేదు.

ఏడాది పట్టింది అయిదు పటాలకీ. శౌరయ్య జిగురు కాచి ఇచ్చి పోయేవాడే గానీ, ఒకసారి చట్రానికి బిగించిన పట్టుకి మార్కండేయులు జిగురునీళ్లు పట్టిస్తుంటే ఆగిపోయి చూశాడు. ఆరాక దగ్గరికొచ్చి గోటితో మీటాడు. చెవి పెట్టి విన్నాడు.

"ఇంకో పూత కావాలయ్యా. డప్పులాగా పలకాలిది. ఇప్పుడు తడిసిన డప్పులాగుంది."

మార్కండేయులు నమ్మలేదు. అలాగే రంగు వేశాడు. రంగు ఆ మూలలో పట్టులోకి ఇంకిపోయి మరక కట్టింది. ఆ రోజు నుంచి శౌరయ్య మీటి సరే అన్నాకే కుంచె తడిపేవాడు. నీళ్ల పళ్లెం పట్టుకోవడం, చట్రాన్ని ఇద్దరూ చెరో పక్క పట్టి వాల్చి నీటిని పారించడం, రంగు అడుగున పేరుకోకుండా వేలితో కలుపుతూ ఉండటం, అన్నీ శౌరయ్యకి వచ్చాయి. మూడో పటంలో వల విసిరే మనిషి చెయ్యి అలా ఉండదని, భుజం ముందుకి రావాలని చెప్పి వేయించింది కూడా ఆయనే.

కార్తీకానికి మూడు రోజుల ముందు రామకోటేశ్వరరావు పటాలు చూడటానికి స్వయంగా వచ్చాడు. అయిదూ గోడకి వరసగా ఆనించి ఉన్నాయి. ఆయన శ్రీశైలం నుంచి హంసలదీవి దాకా నడిచాడు, మళ్లీ వెనక్కి నడిచాడు. కళ్లు తుడుచుకున్నాడు. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి అక్కడ ఆగిపోయాడు. పొయ్యి మీద కుండ, పక్కన శౌరయ్య, పాత పడుగునూలు మీద ఆరబెట్టిన జిగురు రేకులు.

తిరిగి వచ్చి మార్కండేయులుని అరుగు మీద కూర్చోబెట్టాడు.

"తోలా?"

"అవునండీ."

"నాకు పట్టింపు లేదయ్యా. నేను హరిజనవాడలో భోజనం చేసిన మనిషిని. కానీ సత్రానికి కమిటీ ఉంది. ప్లీడరు వెంకటకృష్ణారావు గారున్నారు. దేవుడి పటాలు ఇవి. రేపు వాళ్లు సత్రానికి చూడటానికొస్తారు, పటాలు అక్కడికి తీసుకురా. పోయినసారి బూజు సంగతి వాళ్లకి తెలుసు, జిగురు గురించి అడుగుతారు. వేపజిగురని చెప్పు. ఒక్క మాట. ఆ శౌరయ్యని రేపు ఆ చుట్టుపక్కల కనపడనియ్యకు. అంతే. ఎవరికి నష్టం చెప్పు?"

ఆయన వెళ్లాక పెరట్లో ముగ్గురూ కూర్చున్నారు. ఎండ ఇంకా ఉంది.

"అనండయ్యా వేపజిగురని," అన్నాడు శౌరయ్య రేకులు తిరగేస్తూ. "నా పేరు చెప్తే మీ బొమ్మలు పోతాయి. నా పేరు పోతే ఏం పోద్ది? మా ఇంట్లో అది అలవాటే."

మార్కండేయులు ఒక జిగురు రేకు తీసి ఎండకి పెట్టి చూశాడు.

"వేపజిగురు మంచి మాటేనయ్యా," అంది భద్రమ్మ. "రేపు ఇంకొకడు ఇట్లాంటి బొమ్మ వెయ్యాలని వచ్చి అడుగుతాడు. వాడికీ వేపజిగురనే చెప్పు. వాడి దేవుడు కూడా రాలి కింద పడనీ."

పద్దెనిమిదేళ్లు పెట్టెలో ముడుచుకున్న మనిషికి గోడ చేతికి అందుతోంది. దానికి అడ్డం ఒక్క మాట. ఆయన ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదని భద్రమ్మ తర్వాత చెప్పింది, కానీ ఏం చెప్పబోతున్నాడో ఆవిడకీ చెప్పలేదు.

మర్నాడు పటాలు తోపుడుబండి మీద సత్రానికి తీసుకెళ్లారు. బండి లాగింది శౌరయ్యే. కనపడకుండా ఉండాలన్న మాట మార్కండేయులు ఆయనతో అనలేకపోయాడు. గేటు దగ్గర బండి ఆగింది. లోపలికి మోసింది సత్రం పనివాళ్లు. శౌరయ్య గేటు బయటే నిలబడ్డాడు.

హాల్లో కమిటీవాళ్లు ఆరుగురు. పటాలు గోడకి ఆనించి ఉన్నాయి. వెంకటకృష్ణారావు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. బొమ్మలు తెలిసిన మనిషి. అన్నీ సరైన చోట మెచ్చుకున్నాడు.

"అద్భుతమండీ మార్కండేయులు గారూ. ఈ నీళ్లలో ఒక్క గీత ఎక్కువ లేదు. అయితే కిందటేడు బూజు పట్టిందటగా. ఈసారి ఏం మార్చారు?"

"జిగురు మార్చానండి."

"ఏం జిగురు?"

రామకోటేశ్వరరావు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మార్కండేయులుకి వేప అనే మాట నాలుక మీదకి వచ్చింది. నిజంగానే వచ్చింది, ఆ సంగతి ఆయన తర్వాత దాచలేదు. మూడో పటంలో వల విసిరే చెయ్యి కనిపించింది. భుజం ముందుకొచ్చిన చెయ్యి.

"తోలు జిగురండి. దూడతోలు. కాచింది శౌరయ్య. ఆ గేటు దగ్గర ఉన్నాడు చూడండి, ఆయన. ఈ మూడో పటంలో చెయ్యి దిద్దించింది కూడా ఆయనే."

వెంకటకృష్ణారావు మూడో పటం దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"జపాను పద్ధతిలో ఇదేనండీ వాడేది," అన్నాడు మార్కండేయులు. "వాళ్ల గుళ్లలో కూడా..."

"జపాను గుళ్ల సంగతి మనకెందుకండీ?" అన్నాడు ప్లీడరు మెల్లగా.

"పోనీ మన గుళ్ల సంగతే అనుకోండి. మీ పూజగదిలో పటాలకి టేకు చట్రాలున్నాయి. ఆ మూలలు అతికించింది ఏంటనుకున్నారండీ? ఆ జిగురూ ఈయన కాచిందే. ఇంకా అది చెత్త జిగురు, ఇది మంచిది."

"ఏదో తెలియక జరిగేది వేరు, తెలిసి చేసేది వేరు," అన్నాడు వెంకటకృష్ణారావు.

కమిటీ పక్కగదిలోకి వెళ్లి వచ్చింది. తీర్పు ప్లీడరే చెప్పాడు. దేవుళ్లున్న మూడు పటాలూ తీసుకోలేరు. దేవుడు లేనివి, ఆనకట్టా పొలాలూ, సంతోషంగా పెట్టుకుంటారు. భోజనాల వసారాలో మంచి గోడ ఉంది.

ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టలేదు. కాఫీ కూడా ఇచ్చారు. మన దేశంలో మనుషుల్ని గేటు బయట నిలబెట్టే పని ఎప్పుడూ ఇంత మర్యాదగానే జరుగుతుంది. అందుకే అది ఇన్నాళ్లు నిలిచింది.

"మధ్యలో రెండు తీసుకుంటే నది ఎక్కణ్నుంచి వస్తుందండీ?" అన్నాడు మార్కండేయులు. "ఎక్కడికి పోతుంది? తలా తోకా లేకుండా?"

"రెండన్నా గోడెక్కుతాయి కదయ్యా," అన్నాడు రామకోటేశ్వరరావు. ఆయన గొంతులో బతిమాలుకోవడం ఉంది. "ఒప్పుకో. నా మాట విను."

మార్కండేయులు కాఫీ తాగలేదు. అయిదు పటాలూ మళ్లీ బండెక్కించాడు. వెనక్కి వచ్చేటప్పుడు బండి ఆయనా పట్టి లాగాడు.

"మీకేమన్నా పిచ్చాయ్యా?" అన్నాడు శౌరయ్య దారిలో. "అంతా చేసి, ఆఖర్న నన్ను చూపిస్తారా?"

"చూపించా. ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"ఏం చేస్తాం. లాగండి, ఎత్తు వస్తంది."

నెలరోజులు పటాలు మార్కండేయులు ఇంట్లోనే ఉన్నాయి. చుట్టలు చుట్టనివ్వలేదు భద్రమ్మ. "ఇంకో పద్దెనిమిదేళ్లు పెట్టెలో పెడతావేమో, ఊరుకోను," అంది. ఇల్లు ఇరుకైపోయి మగ్గం దగ్గరికి పక్కగా జరిగి వెళ్లాల్సి వచ్చేది.

శౌరయ్య తన వంతుగా మైలవరం వైపు బడి నడిపే పాస్టరు జాన్‌బాబు గారిని తీసుకొచ్చాడు. బడిలో పొడుగాటి గోడ ఉంది. ఆయన మంచి మనిషి, చాలా ఇష్టంగా చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"బ్రదర్, మా బడిలో విగ్రహాలూ దేవతలూ పెట్టుకోకూడదు కదా. ఈ మధ్యవి రెండూ ఇవ్వండి. నాట్లూ, వలలూ. పిల్లలకి బాగుంటాయి."

భద్రమ్మ మగ్గం గుంటలోంచి పకపకా నవ్వింది. నవ్వు ఆపుకోలేక నాడె చేతిలోంచి జారింది. పాస్టరు గారికి ఎందుకో అర్థం కాలేదు. ఆయన వెళ్లాక శౌరయ్య కూడా నవ్వాడు, కానీ ఆలస్యంగా, కొంచెం సిగ్గుపడి.

చివరికి మిగిలింది సొంతవాళ్లే. చిట్టినగరంలో నేతగాళ్ల సంఘానికి పఠనమందిరం ఉంది. ఒక పొడుగాటి గది, రెండు బెంచీలు, పత్రికలు. సంఘం పెద్ద అంకమ్మరావు. మార్కండేయులుకి వరసకి బావ. ఆయన దగ్గరికి పోవడమే మార్కండేయులుకి అన్నిటికంటే కష్టమైంది. పరాయివాళ్లతో పోట్లాడటం తేలిక.

"నీ పెరట్లో తోలు ఉడికినప్పుడే కులం కట్టు పెట్టి వెలేద్దామన్నారు బావా," అన్నాడు అంకమ్మరావు. "నేనే ఆపా. ఇప్పుడు ఆ బొమ్మలు తీసుకొచ్చి మన గదిలోనే పెట్టమంటావా?"

"నీ ఇష్టం బావా. నేసింది మన మగ్గం మీదే. మన భద్రే."

అంకమ్మరావు ఇంటికొచ్చి చూశాడు. నాలుగో పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. బొమ్మ గురించి ఒక్క మాట అనలేదు. గుడ్డ మూల పట్టుకుని పోగులు లెక్కపెట్టాడు.

"ఇంత సన్నం చెల్లాయే నేసిందా?"

"మరి నీ ఆవిడ నేసిందనుకున్నావా?" అంది భద్రమ్మ.

"సరే. పెట్టుకో. అయిదూ పెట్టుకో. కానీ ఆ శౌరయ్య మన గదిలోకి రాకూడదు."

"ఆయన లేకుండా తగిలించడం కుదరదు బావా. ఏ చట్రానికి ఎంత బిగువు ఉండాలో ఆయన చెవికే తెలుసు. నాకు తెలీదు. సడలితే రంగు పొట్టులేస్తుంది, ఎక్కువ బిగిస్తే చిరుగుతుంది."

"నువ్వు నేర్చుకోవా?"

"పద్దెనిమిదేళ్లు నేర్చుకున్నా. నాకు రాలేదు."

ఇందులో అబద్ధం లేదు. వారం రోజులు సంఘంలో మాటలు సాగాయి. వారానికి అంకమ్మరావు కబురు చేశాడు: తగిలించడానికి మాత్రం రావొచ్చు, తగిలించేదాకానే.

ఆదివారం చర్చి అయ్యాక శౌరయ్య ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మార్కండేయులు పక్కన నడిచి ముందు గుమ్మంలోంచే లోపలికి వచ్చాడు. చదువుకునేవాళ్లు నలుగురున్నారు. పత్రికల మీదనుంచి చూశారు. ఒక్కొక్క పటాన్నీ ఎత్తి, గోటితో మీటి, చెవి పెట్టి, చీలలు బిగించి, మళ్లీ మీటి తగిలించారు. మధ్యాహ్నం దాటింది. నీటిగీతలు ఒకదానిలోంచి ఒకదానిలోకి కలిశాయి. రెండోదీ మూడోదీ వేలెడు తేడా వస్తే దించి మళ్లీ పెట్టారు.

శౌరయ్య స్టూలు దిగాడు. అంకమ్మరావు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. శౌరయ్య గుమ్మం వైపు రెండడుగులు వేసి ఆగాడు. అయిదూ గోడకెక్కి ఒక్క నదిగా కలవడం ఆయన ఇంతవరకు చూడలేదు. వెనక్కి తిరిగి బెంచీ చివర కూర్చున్నాడు.

"ఏంటిది బావా?" అన్నాడు అంకమ్మరావు మెల్లగా.

"చూస్తున్నాడు," అన్నాడు మార్కండేయులు. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు.

బెంచీ మీదున్నవాళ్లలో మల్లేశ్వరరావనే ఆయన పత్రిక మడిచి, దాన్ని అక్కడే పడేసి వెళ్లిపోయాడు. ఇంకొకడు లేచి రెండో బెంచీ మీదకి మారాడు. మిగిలిన ఇద్దరూ కదల్లేదు. వాళ్లలో ముసలాయన, కళ్లు సరిగా ఆనని మనిషి, ముందుకు వంగి అడిగాడు.

"ఆ నురగ తెల్లగా భలే ఉందే. ఏంటది, సున్నమా?"

"సున్నం కాదండీ, సున్నం రంగుని తినేసిద్ది," అన్నాడు శౌరయ్య. "కాల్చని ఆల్చిప్ప. బందరుది. పదిరోజులు నూరాం."

"పదిరోజులా?"

"చేతులు చూడండి కావాలంటే."

అంకమ్మరావు గుమ్మంలోనే నిలబడి ఇద్దరి మాటలూ విన్నాడు. బయటికి పొమ్మనడానికి నోరు తెరిచాడు గానీ, అప్పటికే ఆ ముసలాయన లేచి వెళ్లి, చూడటానికి శౌరయ్య వేళ్లు పట్టుకున్నాడు. ఇప్పుడు పొమ్మంటే ఇద్దరినీ పొమ్మనాలి. ముసలాయన అంకమ్మరావుకి స్వయానా మేనమామ.

"ఈ గోడకి పైన చెమ్మ కనపడతందయ్యా," అన్నాడు శౌరయ్య మార్కండేయులుతో. "వానలకి ముందు పెంకు సర్దించాలి. ఆషాఢంలో మనం వచ్చి ఒకసారి మీటి చూసుకోవాల."

"పెంకు నేను సర్దిస్తాలే," అన్నాడు అంకమ్మరావు విసుగ్గా, ఎవరి మొహమూ చూడకుండా. మల్లేశ్వరరావు పారేసి పోయిన పత్రిక తీసి, మడతలు సరిచేసి, బెంచీ మీద పెట్టాడు.